గొంతు ఎవరిది? – భానుమతిని మళ్ళీ చదువుతూ

పిహెచ్‌డి కోసం తెలుగు స్త్రీల వచనం మీద పనిచేస్తున్న రోజుల్లో నా సినాప్సిస్‌లో ఒక అధ్యాయం పేరు ‘నవ్వే కోడలు’. అందులో భానుమతీ రామకృష్ణ ‘అత్తగారి కథలు’ గురించి రాయాలనుకున్నాను. సెమినార్ రోజున ఒక పెద్దాయన కాగితాలు తిరగేసి, “ఇవి హాస్యం కదమ్మా, కాలక్షేపానికి చదువుకునేవి. ఇందులో పరిశోధనకి ఏం దొరుకుతుంది?” అన్నారు. ఆయన అలా అనడం నాకేమీ ఆశ్చర్యం కలిగించలేదు. కానీ సాయంత్రం హాస్టల్లో నా స్నేహితురాళ్ళు, స్త్రీవాద సాహిత్యం నాకంటే ఎక్కువ చదువుకున్నవాళ్ళు, దాదాపు అదే మాట ఇంకోలా అన్నారు. “అత్తగారిని ముద్దు చేసే కథలవి. కోడళ్ళు కిరసనాయిలు మంటల్లో కాలిపోతున్న చోట ఆ నవ్వులెందుకు?” అని. రెండువైపుల నుంచీ వచ్చిన ఆ మాటకి అప్పుడు నా దగ్గర జవాబు లేదు. అధ్యాయం తీసేశాను. డిగ్రీ వచ్చింది. తీసేసిన ఆ ఇరవై పేజీలు మాత్రం మనసులో ఒక మూల గుచ్చుకుంటూనే ఉన్నాయి.

ఇప్పుడు వెనక్కి చూస్తే నా తప్పు ఎక్కడుందో కొంత తెలుస్తోంది. నేను ఆ కథల్ని విడిగా పట్టుకుని చదివాను. వాటిని రాసిన మనిషి పగలు స్టూడియోలో నటిస్తూ, పాడుతూ, బాణీలు కడుతూ, సినిమాలు తీస్తూ, ఆ పనుల మధ్య వాటిని రాసిందన్న సంగతిని పీఠికలో ఒక్క వాక్యంతో సరిపెట్టాను. ‘బహుముఖ ప్రజ్ఞాశాలి’ అన్న మాట చాలా సౌకర్యమైనది. సన్మాన సభలో అది పలికేసి శాలువా కప్పేస్తే, ఆ ముఖాలన్నీ ఒక మనిషిలో ఎలా ఇమిడాయి, ఎంత ఖర్చు మీద ఇమిడాయి అని ఎవరూ అడగనక్కర్లేదు. నాకు అడగాలనిపిస్తోంది.

భానుమతి 1925లో ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టారు. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్యగారికి సంగీతం ప్రాణం. కూతురికి తనే నేర్పారు. 1939లో సి. పుల్లయ్య దర్శకత్వంలో కలకత్తాలో తయారైన ‘వరవిక్రయం’లో ఆమె కాళింది. కాళ్ళకూరి నారాయణరావు రాసిన నాటకం అది. కట్నం పోసి కొనుక్కొచ్చిన వరుణ్ణి చేసుకోవడం ఇష్టంలేక కాళింది ప్రాణం తీసుకుంటుంది. చెల్లెలు కమల బతికుండి, అత్తింటివాళ్ళకి బుద్ధి చెబుతుంది. ఆ చెల్లెలు పుష్పవల్లి. భానుమతికి అప్పటికి పద్నాలుగేళ్ళు కూడా సరిగ్గా నిండలేదు. కూతుర్ని తెరమీదికి పంపడానికి ఆ తండ్రి ఒప్పుకున్నది హీరో ఆమెని ముట్టుకోకూడదన్న షరతు మీద. ఆ తర్వాతి సినిమాల ఒప్పందాల్లోనూ ఈ షరతు నడిచింది.

ఈ షరతు గురించి సినిమా పత్రికలు ముచ్చటగా రాస్తాయి. నాకు ముచ్చటగా లేదు. ఆ కాలపు నాటకరంగం, గ్రామఫోను రికార్డులు, తొలి టాకీలు చాలావరకు నిలబడ్డది కళావంతుల కుటుంబాల స్త్రీల విద్య మీద. వాళ్ళలో ఎవరికైనా అలాంటి షరతు పెట్టే తండ్రి ఉన్నాడా? ఉన్నా, నిర్మాత వినేవాడా? ‘గౌరవనీయమైన కుటుంబం నుంచి వచ్చిన అమ్మాయి’ అన్న మాటలో, మిగిలినవాళ్ళు ఎక్కడినుంచి వచ్చారో చెప్పకుండానే చెప్పడం ఉంది. భానుమతి స్వాతంత్ర్యం గురించి మాట్లాడేటప్పుడు ఈ మొదటి మెట్టుని దాటేసి వెళ్ళకూడదు. కాదనగలిగే హక్కు ఆమెకి ముందుగా కులం నుంచి వచ్చింది. దాన్ని తన సొంత హక్కుగా మార్చుకోవడం ఆ తర్వాత ఆమె చేసిన పని.

1943లో ‘కృష్ణప్రేమ’ తీస్తున్నప్పుడు సహాయ దర్శకుడు పి.ఎస్. రామకృష్ణారావుతో పరిచయం, అదే ఏడాది ఆగస్టులో పెళ్ళి. ఇంట్లోవాళ్ళకి ఇష్టం లేకపోయినా ఆమె పట్టుబట్టి చేసుకున్న పెళ్ళి. తరవాత సినిమాలు మానేసి ఇల్లు చూసుకుందామనుకున్నారు. అప్పుడు బి.ఎన్. రెడ్డి ‘స్వర్గసీమ’ (1945) వచ్చింది. అందులో ఆమె వీధుల్లో ఆడిపాడే సుబ్బి. తరవాత నాటకాల సుజాత అవుతుంది, పెళ్ళయిన పత్రికా రచయితని భార్యాబిడ్డల నుంచి లాగేసుకుంటుంది. అంటే కళ అమ్ముకునే ఆడది ఇల్లు కూలుస్తుందని చెప్పే కథలో, ఇల్లు కోసం కళ మానేద్దామనుకున్న కొత్త పెళ్ళికూతురు ఆ కూల్చే మనిషి. నాగయ్య, జయమ్మల కాపురం ఎంత బాగా తీసినా, ఆ సినిమా నుంచి జనానికి గుర్తుండిపోయింది సుజాత పావురాల పాటే. సినిమా చెప్పదల్చుకున్న నీతిని ఆ గొంతు ఓడించిందని నాకనిపిస్తుంది. ఆ బాణీకి ప్రేరణ ఒక హాలీవుడ్ సినిమా పాట. దాన్ని కూర్చిన బాలాంత్రపు రజనీకాంతరావు పేరు తెరమీద లేదు. ఎవరి పని ఎవరి పేరున నమోదవుతుందన్నది ఆడవాళ్ళ ఒక్కళ్ళ సమస్య కాదులెండి.

ఈ గొంతు సంగతి దగ్గర కొంచెం ఆగాలి. తొలి టాకీల్లో నటించేవాళ్ళే పాడుకునేవాళ్ళు. నలభైల నుంచి నేపథ్యగానం వచ్చింది. యాభైలు వచ్చేసరికి అదే మామూలైంది. పెదవులు ఒకరివి, పాట ఇంకొకరిది. దీనివల్ల సుశీల, లీల, జిక్కి లాంటి గొప్ప గాయనులు వచ్చారు. పాడలేని గొప్ప నటులకీ చోటు దొరికింది. నష్టం ఒక్కటే అని నేననను. కానీ పద్ధతి చూడండి. అందం ఒకచోట, గొంతు ఒకచోట, మాటలు ఒకచోట, పెట్టుబడి మరోచోట. ఆడమనిషిని ఇలా నాలుగు ముక్కలుగా విడదీసి, అతుకు కనపడకుండా కుట్టే పని దర్శకుడిది. ఆ కుట్టుపని మీదే అతని పేరు. ఎస్. వరలక్ష్మి, టంగుటూరి సూర్యకుమారి లాంటి కొద్దిమందితో పాటు భానుమతి దీనికి లొంగలేదు. చివరిదాకా తన పాట తనే పాడుకున్నారు. ‘మల్లీశ్వరి’ (1951)లో నాగరాజు పాడితే అది ఘంటసాల. మల్లి పాడితే అది మల్లే. ‘విప్రనారాయణ’ (1954)లో నాగేశ్వరరావు పాడితే అది ఎ.ఎం. రాజా. దేవదేవి జయదేవుడి అష్టపది పాడితే అది దేవదేవే. తెలుగు సినిమా చరిత్రలో హీరో గొంతు అరువు, హీరోయిన్ గొంతు సొంతం అయిన సందర్భాలు ఇలా చాలా ఉన్నాయి. వాటి గురించి ఎంత తక్కువ మాట్లాడుకున్నామో!

‘మల్లీశ్వరి’ని మా అమ్మమ్మ ప్రేమకథగా చూసింది. మా అమ్మ పాటల కోసం చూసింది. నేను మొదటిసారి చూసినప్పుడు నాకు భయమేసింది. ఒక వానరాత్రి సత్రంలో మల్లి బావ ఎదుట ఆడిపాడుతుంది. మారువేషంలో ఉన్న రాయలు, పెద్దన చూస్తారు. నాగరాజు పరిహాసానికి, ఈ పిల్లకి రాయలవారి పల్లకీ పంపించమని ఆ అపరిచితులతో అంటాడు. పల్లకీ నిజంగానే వస్తుంది. కాసులకి ఆశపడి తల్లి పంపించేస్తుంది. మల్లి రాణివాసంలో బందీ. ఆమె చేసిన నేరం బాగా ఆడి పాడటం. ఆమె బతుకుని నిర్ణయించింది ప్రేమికుడి వేళాకోళం, తల్లి ఆశ, రాజుగారి మెప్పు. మెప్పు ఎలా జైలవుతుందో ఇంత సున్నితంగా చెప్పిన తెలుగు సినిమా నాకు ఇంకోటి తెలీదు. దర్శకుడు, పాటలు రాసిన కృష్ణశాస్త్రి, బాణీలు కట్టిన రాజేశ్వరరావు, అందరూ మగవాళ్ళే. అయినా రాణివాసంలో పాడే ఆ పాటల్లో ఊపిరి ఎక్కడ తీసుకోవాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో నిర్ణయించింది పాత్ర వేస్తున్న మనిషే. ఆ నిర్ణయాన్ని కూడా రచన అనాలని నా వాదన.

అప్పటికే భరణీ పిక్చర్స్ ఉంది. కొడుకు పేరు పెట్టుకున్న సంస్థ. ‘రత్నమాల’తో మొదలై, ‘లైలా మజ్నూ’ (1949) దాటి, మద్రాసు సాలిగ్రామంలో సొంత స్టూడియో దాకా వెళ్ళింది. 1953లో ‘చండీరాణి’. తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లో, ద్విపాత్రాభినయంతో, ఆమె దర్శకత్వంలో. మరుసటి ఏడు ‘చక్రపాణి’కి సంగీత దర్శకత్వం ఆమెదే. వారసత్వపు డబ్బు కోసం లేని మొగుణ్ణీ లేని బిడ్డనీ పుట్టించుకునే ఆడపిల్ల కథ అది. హాస్యానికి హాస్యం, ఆస్తికీ కాపురానికీ ఉన్న లంకె ఏమిటో చూపించడానికి చూపించడం.

ఇలాంటి పని చేసినవాళ్ళలో ఆమె మొదటిది కాదు. తమిళంలో టి.పి. రాజలక్ష్మి ఉన్నారు. చిన్నప్పుడే పెళ్ళి చేస్తే అది నిలవక, నాటకాల్లో చేరి, 1931లో ‘కాళిదాస్’లో నాయికై, నవలలు రాసి, తన నవల ‘కమలవల్లి’ని 1936లో ‘మిస్ కమల’గా తనే తీశారు. రాయడం, నటించడం, పాడటం, తీయడం అన్నీ ఒక్కరే. మద్రాసులో అంత దగ్గర్లో, అంత ముందే ఇది జరిగింది. అయినా ప్రతి పదిహేనేళ్ళకీ ‘మొట్టమొదటిసారి ఒక స్త్రీ’ అని మళ్ళీ రాసుకుంటాం. మొదటిదాన్ని మరిచిపోతేనే గదా రెండోది మొదటిదయ్యేది!

‘చండీరాణి’ తర్వాత ఆమె మళ్ళీ దర్శకురాలిగా కనిపించేది 1967లో. మధ్యలో పద్నాలుగేళ్ళు. ఆ సంవత్సరాల్లో భరణీ సినిమాలకి దర్శకుడిగా భర్త పేరుంది. ‘నాలో నేను’ చదివితే ఆ దాంపత్యంలో స్నేహం, పరస్పర గౌరవం కనిపిస్తాయి. నేను వాటిని అనుమానించను. కానీ సొంత సంస్థ, సొంత స్టూడియో ఉన్న మనిషికే ఇంత విరామం పట్టిందంటే, లేనివాళ్ళ సంగతేమిటి? రెండోసారి తీసిన సినిమా పేరు ‘గృహలక్ష్మి’. చండి నుంచి లక్ష్మికి రావడానికి పద్నాలుగేళ్ళు, అని మా క్లాసులో ఓ విద్యార్థిని చమత్కరించింది.

ఆ మధ్యలోనే ‘చింతామణి’ (1956) ఉంది. కాళింది పాత్రతో తనని తెరమీదికి తెచ్చిన కాళ్ళకూరి రాసిన నాటకమే ఇదీ. కట్నానికి ఎదురు తిరిగి చచ్చిపోయే కులస్త్రీ, విటుల్ని ముంచి చివరికి భక్తిలో పడే వేశ్య, ఒకే రచయిత కలం నుంచి, ఒకే నటి శరీరంలోకి. (ఆ నాటకాన్ని 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది, అందులో సుబ్బిశెట్టి పాత్ర ఒక కులాన్ని కించపరుస్తోందని. చింతామణి ఎవర్ని కించపరుస్తోందన్న ప్రశ్న ఆ చర్చలో పెద్దగా వినపడలేదు.) దానికి రెండేళ్ళ ముందు దేవదేవి. దేవదాసీ వ్యవస్థని మద్రాసు ప్రెసిడెన్సీ 1947 చట్టంతో రద్దు చేసింది. ఏడేళ్ళు తిరక్కుండా దేవదాసి కథతో తీసిన సినిమాకి ప్రశంసలు వచ్చాయి. నిజంగా ఆ విద్య తెలిసిన కుటుంబాల ఆడవాళ్ళు పేర్లు మార్చుకుని, ఊళ్ళు మారి, పాట మానేసి బతుకుతున్న కాలమది. గుడిలోంచి, మేజువాణిలోంచి పోయిన అష్టపది తెరమీద గౌరవంగా నిలబడింది, పాడుతున్నది ఎవరో అందరికీ తెలుసు కాబట్టి. భానుమతి దేవదేవిని హేళనగా చేయలేదు. ఆ పొగరునీ, పశ్చాత్తాపాన్నీ సమానమైన శ్రద్ధతో చేశారు. అయినా నాకు ఆ పాట వింటున్నప్పుడు వినపడని గొంతులు కూడా గుర్తొస్తాయి. ఈ రెండు మాటలూ ఒకేసారి అనడం కష్టంగా ఉంటుంది గానీ అనాల్సిందే.

ఇక ‘పొగరు’ సంగతి. భానుమతి పేరెత్తితే ఎవరైనా ముందు చెప్పేది అదే. ‘మిస్సమ్మ’ (1955)లో మొదట ఆమెనే తీసుకుని కొన్ని రీళ్ళు తీశారు. వ్రతం వల్ల షూటింగుకి ఆలస్యంగా వచ్చినందుకు క్షమాపణ అడిగితే ఆమె ఇవ్వలేదని, చక్రపాణి ఆ రీళ్ళు తగలబెట్టారని పరిశ్రమలో చెప్పుకునే కథ. వివరాలు చెప్పేవాళ్ళని బట్టి మారుతుంటాయి. మారనిదేమిటంటే, ఇద్దరు పట్టుదల మనుషుల తగాదాలో ఒకరిది నిక్కచ్చితనం, ఇంకొకరిది అహంకారం. ఏది ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు. ఆ పాత్ర సావిత్రికి వెళ్ళింది, పి. లీల గొంతుతో. సావిత్రి ఎంత గొప్పగా చేశారో మనకి తెలుసు. సావిత్రి కూడా తరవాత మెగాఫోను పట్టుకుని 1968లో ‘చిన్నారి పాపలు’ తీశారు, సాంకేతిక శాఖల్లో కూడా ఆడవాళ్ళనే పెట్టుకుని. ఆమెకి అది నిలవలేదు. ‘కాదు’ అనగలిగిన స్త్రీకీ, అనలేకపోయిన స్త్రీకీ మధ్య తేడా స్వభావంలో వెతుకుతారు మనవాళ్ళు. నేనైతే ముందు స్టూడియో ఎవరి పేరున ఉందో, ఇంటి లెక్కలు ఎవరు చూసేవారో వెతుకుతాను. సావిత్రి మీద 2018లో ‘మహానటి’ వచ్చింది. పడిపోయిన ఆడదాని కథ తెరకి నచ్చుతుంది. పడకుండా ముసలితనం దాకా నడిచి వెళ్ళినదానిలో ఏడవడానికి ఏముంది?

ఇంత చెప్పుకున్నాక ‘అత్తగారి కథలు’ దగ్గరికి వస్తే, అవి నాకు వేరే కథల్లా కనిపిస్తున్నాయి. ఇందులో ‘నేను’ కోడలు. సినిమాల్లో పనిచేసే కోడలు. కానీ సినిమా లోకం కథలోకి రాదు. వచ్చేది ఆవకాయ, అరటికాయ పొడి, మడి, పాడి, చుట్టాలు, బీరువా తాళాలు. అత్తగారు అమాయకురాలు, మొండి మనిషి, పైసా పైసా లెక్క చూస్తూ పెద్ద మొత్తాలు పోగొట్టేది, ఎవరైనా రెండు మంచి మాటలు చెబితే నమ్మేది. అదే కాలంలో తెరమీద అత్తగారంటే సూర్యకాంతం. గయ్యాళి. ఆ బొమ్మ పరిశ్రమకి కాసులు కురిపించింది. అదే పరిశ్రమలో పనిచేస్తున్న మనిషి, ఇంటికొచ్చి రాత్రిపూట కాగితం మీద ఆ బొమ్మని చెరిపేస్తోంది. గయ్యాళిని మామూలు ముసలామెగా, తన చిన్న రాజ్యాన్ని ఆచారంతో కాపాడుకునే మనిషిగా రాస్తోంది. కోడలు ఎదురు చెప్పదు. ఎదురు చెప్పకుండా చూస్తుంది, మనకి చెబుతుంది. షూటింగులో ఆమెని వందమంది చూస్తారు. ఇక్కడ చూసేది ఆమె.

నా స్నేహితురాళ్ళ ప్రశ్నకి ఇప్పుడు నేనిచ్చే జవాబు ఇది. ఆ కోడలు నవ్వగలుగుతోందంటే కారణం ఆమెకి సొంత సంపాదన ఉంది, వంటింటి పెత్తనం అత్తగారికి వదిలేసినా పోయేదేమీ లేదు. ఈ ఏర్పాటుని కథలు దాచిపెట్టవు, కానీ ప్రశ్నించవు కూడా. మరో ఆడదాని చేతిలో వంటిల్లు ఉండబట్టే తను బయటికి వెళ్ళగలుగుతున్నానన్న ఎరుక ఆ వెటకారంలో అడుగున ఎక్కడో ఉంది. ఆ వెటకారం అత్తగారి మీద ఎంత ఉందో, కథకురాలి మీదా అంతే ఉంది. రంగనాయకమ్మ ‘బలిపీఠం’ రాస్తున్న కాలమే అది, కొద్ది రోజుల్లో యద్దనపూడి నవలలు ఇళ్ళని ముంచెత్తబోతున్నాయి. ఒకవైపు తిరుగుబాటు, ఇంకోవైపు కలలు. ఈ రెంటి మధ్యా, సంపాదించే ఆడది సాయంత్రం ఇంటికొస్తే అక్కడ ఏముంటుందో మామూలుగా రాసినవాళ్ళు ఎందరు? ఇందులో గృహహింస లేదనడం నిజమే. లేనిదాని కోసం వెతుకుతూ ఉన్నదాన్ని వదిలేశాం.

బిరుదుల సంగతి త్వరగా చెప్పేస్తాను. కథలకి ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడెమీ బహుమతి, 1966లో పద్మశ్రీ, తరవాత పద్మభూషణ్, ఆత్మకథకి సినిమా మీద ఉత్తమ గ్రంథంగా జాతీయ పురస్కారం. మద్రాసు ప్రభుత్వ సంగీత కళాశాలకి ప్రిన్సిపాల్‌గా కూడా పనిచేశారు. 1980లో తీసిన ఒక సినిమాకి ‘రచయిత్రి’ అని పేరు పెట్టుకున్నారు. 1984లో ‘మంగమ్మగారి మనవడు’తో కొత్త తరం ప్రేక్షకులకి ఆమె నాయనమ్మ అయిపోయారు. అత్తగారిని కాగితం మీద సృష్టించిన మనిషి, ఆ అత్తగారి వయసుకొచ్చాక, ఆ మొండితనాన్నే తెరమీద ఆడి హాళ్ళు నింపారు. 2005 డిసెంబరు 24న చెన్నైలో చనిపోయారు.

మా ఇంట్లో ‘అత్తగారి కథలు’ పాత ప్రతి ఒకటుంది. అట్ట ఊడిపోతే అమ్మమ్మ కాలెండరు కాగితం అంటించింది. అమ్మమ్మ కోడలిగా నలభై ఏళ్ళు, అత్తగా పాతికేళ్ళు బతికిన మనిషి. పుస్తకంలో అక్కడక్కడ పెన్సిల్ గీతలున్నాయి. చిన్నప్పుడు అవి నవ్వొచ్చిన చోట్లనుకున్నాను. మొన్న ఆ ఇరవై పేజీలు మళ్ళీ రాయడానికి కూచుని, గీతలున్న వాక్యాలన్నీ ఒకచోట చేర్చి చూశాను. అన్నీ డబ్బు లెక్కల దగ్గరే ఉన్నాయి.